పింఛను సొమ్ము – నమ్మదగిన సలహాదారు ఎంపిక

ఉద్దేశాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరువాత మీరు:
• పదవీ విరమణ సొమ్ము నెలసరి ఆదాయంగా ఎలా మారుతుందో వివరించగలుగుతారు.
• ఏజెంటు, పంపిణీదారు, నమోదిత పెట్టుబడి సలహాదారు మధ్య భేదాన్ని గుర్తించగలుగుతారు.
• సలహాదారును పరీక్షించే ప్రశ్నలను రూపొందించుకోగలుగుతారు.

1. పరిచయం

ప్రొద్దుటూరు బంగారు వ్యాపారానికి పేరుపొందిన పట్టణం. పక్కనే ఉన్న రాజుపాలెం మండలం నుంచి పెళ్ళి నగల కోసం అక్కడికి వెళ్ళే కుటుంబాన్ని గమనించండి. రెండు మూడు అంగళ్ళు తిరుగుతారు. తూకం చూస్తారు. తరుగు ఎంత, మజూరీ ఎంత అని విడివిడిగా అడుగుతారు. హాల్‌మార్కు ఉందో లేదో చూస్తారు. అంగడి యజమాని ఎంత తెలిసినవాడైనా ఇలా అడగడం అమర్యాద అని ఎవరూ అనుకోరు.

అదే కుటుంబంలో ఒకరు ఉద్యోగ విరమణ చేసినప్పుడు పరిస్థితి వేరుగా ఉంటుంది. జీవితకాలపు కష్టార్జితాన్ని ఎక్కడ పెట్టాలో ఇంటికి వచ్చిన పరిచయస్తుడు చెబుతాడు. 'మనవాడే కదా' అని సంతకం చేస్తారు. మజూరీ ఎంత అని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న ఎందుకు అడగాలో, ఎలా అడగాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. ఏ నిర్ణయాన్ని వెనక్కు తీసుకోలేం?

ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ ఉద్యోగాల్లో చేరినవారికి కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీమ్ అమలులోకి వచ్చింది. దీనినే సీపీఎస్ అంటాం. ఇది జాతీయ పింఛను వ్యవస్థలో భాగం. ఈ విధానంలో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి విరమణ చేసినప్పుడు, నిధి మరీ చిన్నది కాకపోతే, అందులో కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి. మిగిలిన 60 శాతం వరకు ఒకేసారి చేతికి వస్తుంది. యాన్యుటీ అంటే బీమా సంస్థకు ఒకేసారి సొమ్ము చెల్లించి, దానికి బదులుగా జీవితాంతం క్రమం తప్పకుండా ఆదాయం పొందే ఒప్పందం.

ఒక ఉపాధ్యాయురాలి ఖాతాలో 50 లక్షల రూపాయలు ఉన్నాయనుకుందాం. 20 లక్షలు యాన్యుటీకి పోతాయి. 30 లక్షలు చేతికి వస్తాయి. యాన్యుటీ రేటు సంవత్సరానికి 6.5 శాతం అనుకుంటే 1,30,000 రూపాయలు, అంటే నెలకు సుమారు 10,833 రూపాయలు వస్తాయి. ఆదాయం తనకు మాత్రమే రావాలా, తన తరువాత భర్తకు కూడా రావాలా, అసలు సొమ్ము వారసులకు తిరిగి రావాలా అన్నది ఆమె ముందే ఎంచుకోవాలి. ఈ సదుపాయాలు కోరేకొద్దీ నెలసరి ఆదాయం తగ్గుతుంది. పునఃపరిశీలన గడువు దాటాక ఈ ఎంపికను మార్చుకోవడం సాధారణంగా సాధ్యం కాదు. అందుకే సలహాదారును సంతకానికి ముందే పరీక్షించాలి.

మరో విషయం గమనించండి. సాధారణ యాన్యుటీలో వచ్చే మొత్తం పెరగదు. ధరలు ఏటా 6 శాతం పెరిగితే సుమారు 12 ఏళ్ళలో రెట్టింపవుతాయి. నేటి 10,833 రూపాయలతో అప్పుడు నేటి సరుకుల్లో సగమే వస్తాయి. ఈ సంగతి ఎత్తకుండా 'జీవితాంతం గ్యారంటీ' అని మాత్రమే చెప్పేవారు సగం మాటే చెబుతున్నారని గ్రహించాలి.

3. సలహా ఇచ్చేవారు ఎన్ని రకాలు?

(అ) బీమా ఏజెంటు: బీమా సంస్థ తరఫున పాలసీలు విక్రయిస్తారు. సంస్థ నుంచి కమీషన్ పొందుతారు. చాలా బ్యాంకులు కూడా బీమా సంస్థలకు ఏజెంట్లుగా పనిచేస్తాయి. అందువల్ల బ్యాంకులో కౌంటరు వెనుక కూర్చున్నవారు చూపించే ప్రతి కాగితమూ డిపాజిట్ పత్రం కాకపోవచ్చు.

(ఆ) మ్యూచువల్ ఫండ్ పంపిణీదారు: ఏఆర్‌ఎన్ అనే నమోదు సంఖ్య ఉంటుంది. ఫండ్ సంస్థ నుంచి కమీషన్ పొందుతారు. 2013 జనవరి నుంచి కమీషన్ లేని 'డైరెక్ట్' పథకాలు కూడా అందుబాటులో ఉన్నాయి. రెండింటి ఖర్చులో ఒక శాతం తేడా ఉందనుకుంటే, 10 లక్షల పెట్టుబడిపై ఏడాదికి 10,000 రూపాయలు.

(ఇ) నమోదిత పెట్టుబడి సలహాదారు: 2013 నాటి సెబీ నిబంధనల ప్రకారం నమోదు పొందినవారు. వీరి నమోదు సంఖ్య 'ఐఎన్ఏ' అక్షరాలతో మొదలవుతుంది. రుసుము మీ నుంచే తీసుకుంటారు. మీకు సలహా ఇస్తూ, మీకే పథకాలు అమ్మి కమీషన్ తీసుకోకూడదు. రాబడికి హామీ ఇవ్వకూడదు.

కమీషన్ తీసుకోవడం తప్పు కాదు. అయితే కమీషన్ లేని పథకం గురించి చెప్పడానికి మీ తలుపు తట్టేవారు అరుదు. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్ దీనికి మంచి ఉదాహరణ. 60 ఏళ్ళు నిండినవారు తపాలా కార్యాలయంలోగాని, బ్యాంకులోగాని ఈ ఖాతా తెరవవచ్చు. 2023 ఏప్రిల్‌లో దీని పరిమితిని 30 లక్షలకు పెంచారు, వడ్డీని 8.2 శాతంగా నిర్ణయించారు. ఆ రేటు ప్రకారం 30 లక్షలపై మూడు నెలలకొకసారి 61,500 రూపాయలు వస్తాయి. ఖాతా తెరిచిన నాటి రేటు ఐదేళ్ళ పాటు మారదు. ఈ పథకంపై ఏజెంట్లకిచ్చే కమీషన్‌ను ప్రభుత్వం 2011 డిసెంబరులో రద్దు చేసింది. మన ఉపాధ్యాయురాలి 30 లక్షల గురించి మాట్లాడే సలహాదారు ఈ పథకం పేరెత్తకపోతే, ఎందుకెత్తలేదో ఆమె అడగాలి.

4. మంచితనం ఒక్కటే చాలదు: అగ్రిగోల్డ్ అనుభవం

విజయవాడ కేంద్రంగా పనిచేసిన అగ్రిగోల్డ్ సంస్థ స్థలాలు లేదా అధిక రాబడి ఇస్తామని చెప్పి, ఏజెంట్ల ద్వారా లక్షలాది మంది నుంచి సొమ్ము సేకరించింది. తరువాత చెల్లింపులు నిలిచిపోయాయి. రాష్ట్ర ప్రభుత్వం 2019లో 10,000 రూపాయల లోపు, 2021లో 20,000 రూపాయల లోపు కట్టినవారికి సొమ్ము చెల్లించింది.

ఇందులో మనం నేర్చుకోవలసిన పాఠం ఒకటుంది. ఏజెంట్లలో చాలామంది మోసం చేయాలని వచ్చినవారు కారు. ఇరుగుపొరుగువారు, బంధువులు. తామూ డబ్బు కట్టి నష్టపోయినవారు. తరువాత ఖాతాదారులతో కలిసి ఆందోళన చేసినవారు. అంటే చెప్పేవారు మంచివారైనంత మాత్రాన చెప్పిన పథకం మంచిదైపోదు. మనిషిని గౌరవిస్తూనే పథకాన్ని వేరుగా పరీక్షించాలి.

5. అడగవలసిన ఐదు ప్రశ్నలు

1. ఈ సలహా వల్ల మీకు ఎవరి నుంచి, ఎంత ఆదాయం వస్తుంది? సమాధానం రూపాయల్లో ఉండాలి.
2. మీ నమోదు సంఖ్య ఏమిటి? దానిని సెబీ వెబ్‌సైటులో మీరే సరిచూసుకోవాలి. నమోదు నిజాయితీకి హామీ కాదు గాని, తేడా వస్తే ఎవరిని అడగాలో తెలుస్తుంది.
3. ఈ సలహా నాకెందుకు తగినదో రాసి ఇస్తారా? మీ ఖర్చులు, అప్పులు, ఆరోగ్యం, జీవిత భాగస్వామి అవసరాలు అడగకుండా ఇచ్చేది సలహా కాదు, అమ్మకం.
4. మధ్యలో సొమ్ము కావాలంటే ఎంత వస్తుంది? ఎంత కోత పడుతుంది?
5. చెక్కు ఎవరి పేర రాయాలి? పెట్టుబడి సొమ్ము నేరుగా బీమా సంస్థకు, ఫండ్‌కు, బ్యాంకుకు లేదా తపాలా కార్యాలయానికే వెళ్ళాలి. సలహాదారు సొంత ఖాతాకు వెళ్ళకూడదు.

నమోదిత సలహాదారులు ఎక్కువగా నగరాల్లో ఉంటారు. పల్లెలో ఉన్నవారు ఫోను ద్వారా ఒక్కసారి రుసుము చెల్లించి సలహా తీసుకోవచ్చు. అదీ కుదరకపోతే తొందరపడకండి. 'ఈ రోజే ఆఖరు' అన్న మాట విన్నప్పుడు మరింత నిదానించండి. సొమ్ము కొన్ని వారాలు పొదుపు ఖాతాలో ఉంటే పోయేది కొద్దిపాటి వడ్డీ మాత్రమే. బీమా పాలసీ తీసుకున్నాక మనసు మారితే, పత్రం అందిన 30 రోజుల్లో తిరిగి ఇవ్వవచ్చు. ఫిర్యాదు ముందుగా సంస్థకే చేయాలి. పరిష్కారం కాకపోతే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండా ఆశ్రయించవచ్చు. పెట్టుబడి సలహాదారులపై ఫిర్యాదులకు సెబీ వారి 'స్కోర్స్' ఉంది.

6. సారాంశం

యాన్యుటీ ఎంపిక దాదాపు మార్చలేని నిర్ణయం. సలహాదారు మంచితనంతో పాటు ఆయన ఆదాయం ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుసుకోవాలి. నగ కొనేటప్పుడు మజూరీ అడిగినంత సహజంగా, సలహా తీసుకునేటప్పుడు కమీషన్ అడగాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పంపిణీదారుకు, నమోదిత సలహాదారుకు గల ముఖ్యభేదం ఏమిటి?
2. అగ్రిగోల్డ్ అనుభవం నుంచి గ్రహించవలసిన పాఠాన్ని వివరించండి.
3. మీ కుటుంబంలో లేదా వీధిలో విరమణకు దగ్గరలో ఉన్న ఒకరితో మాట్లాడి, వారి సొమ్ముపై సలహా ఇస్తున్నవారికి పై ఐదు ప్రశ్నల్లో ఎన్ని వేశారో నమోదు చేయండి.