ఇంటి మరమ్మతులు: పడమటి కిటికీకి వెలుపలి తలుపు



వేరుసెనగ కోత ముగిసి, కాయలు అమ్ముడుపోయి, చేతిలో నాలుగు రూకలు నిలిచినప్పుడు రైతునకు ఇల్లు జ్ఞప్తికి వచ్చును. ధర్మవరము, పెనుకొండ, హిందూపురము ప్రాంతములలో ఇంటిపనికి అనువైన కాలము ఇదియే. కార్తికము కడచిన పిమ్మట వానల బెడద తగ్గును. ఫాల్గుణములోపల పని ముగించినచో వేసవికి ఇల్లు సిద్ధముగా నుండును. అయితే ఏది ముందు, ఏది వెనుక అను విచారము లేక చేసిన వ్యయము చిల్లికుండలో పోసిన నీరు వంటిది.

మన పెద్దల మట్టిమిద్దెలను తలచుకొనుడు. మందమైన గోడలు, దూలములపై మన్ను కప్పిన పైకప్పు, వానకాలమునకు ముందు దానిపై పరచు చవుడు, వెలుతురునకై మిద్దెలో గవాక్షి, గోడకు చిన్న కిటికీ, దానికి కొయ్యపలకల తలుపు. ఇవన్నియు ఎండను వెలుపలనే నిలుపు ఏర్పాట్లు. నేడు సిమెంటు మిద్దెలు వచ్చినవి. చవుడు మోయు శ్రమ తప్పినది, గదులకు వెలుతురు హెచ్చినది. ఇది మేలే. కాని గోడలు పలుచనైనవి, పగలెల్ల కాగిన కప్పు రాత్రియెల్ల వేడిని విడుచుచున్నది, కొయ్య తలుపుల చోట అద్దములు వచ్చినవి. కావున వేసవిలో ముసలివారును పసిబిడ్డలును ఇంట నిలువలేని స్థితి యేర్పడినది.

అద్దము వెలుతురును విడుచునట్లే ఎండ వేడిమిని కూడ లోనికి విడుచును. లోపల తెర కట్టినను, ఎండ అద్దమును దాటిన పిమ్మటనే తెరను తాకును. తెర కాగి, ఆ వేడిని గదిలోనే వదలును. వెలుపలి తలుపు అట్లుగాక ఎండను బయటనే ఆపును. దక్షిణ ఫ్రాన్సు, ఇటలీ దేశములలో ఇండ్ల కిటికీలకు వెలుపల కొయ్య తలుపులుండుటయు, మధ్యాహ్నపు వేళ వానిని మూసి సాయంకాలము చల్లగాలికి తెరచుటయు బహుకాలపు వాడుక. మనమును పగలు మూసి, రాత్రి తెరచినగాని ఫలము దక్కదు.

అన్ని కిటికీలకు ఈ తలుపులు అక్కరలేదు. ధర్మవరము భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 14.4 డిగ్రీల చోట నున్నది. ఏప్రిలు కడపటి దినములలో మధ్యాహ్న సూర్యుడు మన నడినెత్తికి వచ్చి, ఆగస్టు నడుమవరకు కొంచెము ఉత్తరముననే యుండును. కావున మండువేసవిలో దక్షిణపు కిటికీకి చిన్న సజ్జ యున్న చాలును. తూర్పు పడమరలలో ఎండ ఏటవాలుగా వచ్చును గనుక సజ్జ దానిని ఆపజాలదు. అందును తూర్పు ఎండ రాత్రి చల్లబడిన యింటిపై పడును, పడమటి ఎండ కాగిన యింటిపై పడును. ధనము కొంచెమే యున్నచో పడమటి కిటికీకే వెచ్చింపుడు. విత్తనపు కాయలు నిలువచేయు గది పడమట నున్నచో దానికే మొదటి తలుపు పెట్టుడు. బస్తాలపై నిత్యము ఎండవేడి సోకినచో విత్తనము మొలకశక్తి కోల్పోవును. ఆ నష్టము ఇంట కనబడదు, చేనిలో కనబడును.

తలుపు చేయించుటకు ముందు ఒక పరీక్ష చేయుడు. వెదురు తడికనో, మందమైన చాపనో ఆ కిటికీకి వెలుపల వారము దినములు వ్రేలాడదీయుడు. గది చల్లబడినచో తలుపు ప్రయోజనము మీకే తెలియును. చల్లబడనిచో వేడి కప్పునుండి దిగుచున్నదని గ్రహించి, ఆ సొమ్ము కప్పునకు వినియోగింపుడు.

తలుపులు ముఖ్యముగా మూడు రకములు. నిండుపలకల తలుపు ఎండను పూర్తిగా ఆపును, కాని గది చీకటియగును. ఇది విత్తనపు గదికి తగినది. వాలుగా అమర్చిన సన్నపలకల తలుపు ఎండను ఆపి, గాలిని, కొంత వెలుతురును రానిచ్చును. మగ్గమున్న గదికి ఇదియే మేలు. నేతకు వెలుతురు కావలెను, నేరుటెండ పడిన పట్టు రంగు వెలిసిపోవును. ఇనుపరేకు తలుపు దొంగభయమునకు మంచిదేగాని, ఎండకు పెనమువలె కాగును. అది తప్పనిచో తెల్లరంగు పూయుడు. కొయ్యలలో టేకు శ్రేష్ఠము, వెల హెచ్చు. బాగుగా ఆరిన చేవగల వేప కూడ పనికివచ్చును. పచ్చికొయ్య తక్కువ వెలకు దొరికినను కొనకుడు. అది ఎండకు వంగి, వానకు ఉబ్బి, రెండవ యేడే మూతపడని తలుపగును. పలకలకు రెండు ముఖములతోపాటు అంచులకును, ముఖ్యముగా క్రింది అంచునకును, నూనెరంగు పట్టింపవలెను. నీరు అక్కడనే పీల్చుకొనును.

వడ్రంగి వచ్చినప్పుడు దగ్గర నిలిచి కొలిపింపుడు. వెడల్పును పైన, నడుమ, క్రింద మూడు చోట్ల కొలిచి, అన్నిటిలో చిన్న కొలతను గైకొనవలెను. కిటికీ ఊచలు గోడ వెలుపలికి పొడుచుకొనివచ్చినచో తలుపు మూతపడదు. ఇరుకు వీథిలో తెరచిన రెక్క బాటసారుల తలకు తగులకుండ చూడుడు. రామగిరి గుట్టలపై గాలిమరలు నిలిపిన సీమ మనది. ఆషాఢపు గాలికి రెక్కలు కొట్టుకొని విరుగకుండ, తెరచినప్పుడు గోడకు బిగించు కొక్కెములు తప్పక పెట్టింపుడు.

ఇక పనుల వరుస. మొదట కప్పు కారుట మాన్పుడు. పిదప గోడల చెమ్మ, చెదలు చూచుకొనుడు. మూడవది, మిద్దెపై దట్టముగా సున్నము కొట్టుడు. తెల్లని కప్పు ఎండను తిరుగగొట్టును, వ్యయము స్వల్పము. తెలంగాణ ప్రభుత్వము 2023 లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించుటకు మూలము ఈ సూత్రమే. నాల్గవది పడమటి కిటికీ తలుపు. గోడల రంగులు, ముఖద్వారపు అలంకారములు కట్టకడపటివి. కారు కప్పు క్రింద చెక్కిన ద్వారబంధము చూచువారికి వింతయేగాని ఉండువారికి సుఖము గాదు.

ప్రతి పనికిని కొయ్య, సామగ్రి, కూలి వేరువేరుగా అంచనా వ్రాసికొని, నూటికి పది వంతులు అనుకోని వ్యయమునకు కలుపుడు. చేతిసొమ్ము ఎంతవరకు వచ్చునో అంతవరకే ఈ యేడు చేసి, తక్కినది మరుసటి పంటకు విడువుడు. నెలకు నూటికి 2 రూపాయల వడ్డీకి 50,000 రూపాయలు తెచ్చినచో ఏడాదికి వడ్డీయే 12,000 రూపాయలగును. పంటఋణమును ఇంటికి మళ్లించుట అంతకంటె అపాయము. విత్తనమునకు, ఎరువునకు తెచ్చిన సొమ్ము గోడలో పోసినచో పంట చెడును, గడువు తప్పును, గడువులో చెల్లించువారికి గల వడ్డీ రాయితీయు పోవును.

దీనికి సహకార మార్గమొకటి కలదు. ఒక గ్రామములో పది కుటుంబములవారు కలసి కొలతలు సిద్ధపరచి, కొయ్యను ఒక్కసారిగా కొని, ఒకే వడ్రంగికి వరుసగా పని ఒప్పగించినచో బేరము చేయు బలము కలుగును. మొదటి యింటి తలుపులోని లోపము రెండవ యింట దిద్దబడును.

ఇల్లు చల్లగా నున్న పగలు పనిచేసి వచ్చిన మనిషికి నిద్ర కలుగును. అప్పు లేనిచో ఆ నిద్ర సుఖమగును. ఈ రెండును చేకూరునట్లు సభ్యులు పని తలపెట్టుదురుగాక.