డానీకి పూచీ పడ్డవాళ్లు

'పోకిరి' సినిమాలో ముఠాతో తిరిగే పండు అసలు పోలీసాఫీసరని తేలగానే హాలంతా ఈలలే. ఆ ముఠాలో అతన్ని నమ్మినవాళ్లు తర్వాత ఏమయ్యారన్నది ఎవరికీ పట్టదు. క్రైమ్ స్టేషన్‌లో పనిచేసి రిటైరైన నాకు మాత్రం ఆ తర్వాతి సంగతే కావాలి. అది అమెరికాలో జో పిస్టోన్ కథలో ఉంది.

జేబుదొంగల కోసం నేనూ మఫ్టీలో బస్టాండులో నిలబడ్డవాణ్ణే. కానీ రాత్రికి ఇంటికొచ్చి అన్నం తినేవాణ్ణి. ఆరు నెలల పని అనుకుని 1976లో మారువేషంలో వెళ్లిన ఎఫ్‌బీఐ ఏజెంటు పిస్టోన్ 1981 జూలై దాకా అందులోంచి బయటపడలేదు. న్యూయార్క్ మాఫియాకు అతను డానీ బ్రాస్కో, నగల దొంగ. నగల దొంగైతే ఒంటరిగా తిరిగినా ఎవరికీ వింతగా ఉండదు, ఎవర్నీ కొట్టక్కర్లేదు. వేషం కుదరడానికి రత్నాల పరీక్ష నేర్చుకున్నాడు. ఆఫీసు రికార్డుల్లో అతని పేరు తీసేశారు. భార్య, ముగ్గురు కూతుళ్లు ఎక్కడో దూరాన. నెలల తరబడి వాళ్ల మొహం చూడని రోజులున్నాయి.

మొదట్లో అతను చేసిందల్లా బార్లలో కూర్చోవడం, బ్యాక్‌గామన్ ఆడటం, ఏమీ అడగకపోవడం. ఈ మూడోది ఎంత కష్టమో పోలీసువాణ్ణి అడగండి. ప్రశ్న వేయకుండా ఉండలేం మేం.

మాఫియాలో తెలిసినవాడెవడో పూచీ పడితే తప్ప కొత్తవాడికి చోటు లేదు. ఆ మనిషి తేడా అయితే పూచీ పడ్డవాడి ప్రాణం పోతుంది. బొనానో ముఠాలో డానీని మొదట చేరదీసింది ఆంథొనీ మిర్రా. తర్వాత 'లెఫ్టీ' రుజీరో తన మనిషిగా వెంట తిప్పుకున్నాడు, ముఠా మర్యాదలన్నీ నేర్పాడు. వాళ్ల పైవాడు 'సానీ బ్లాక్' నపోలిటానో. బ్రూక్లిన్‌లో మేడ మీద పావురాలు పెంచుకునేవాడు. ముఠాలో పూర్తి సభ్యత్వానికి డానీ పేరు తనే చెప్తానన్నాడు.

1981 మే 5న అంతర్గత పోరులో ముగ్గురు ముఠా నాయకులు హతమయ్యారు. వాళ్లలో ఒకడి కొడుకును చంపే పని సానీ డానీకి అప్పజెప్పాడు. ఏజెంటు హత్య చేయలేడు కదా, ఎఫ్‌బీఐ ఆపరేషన్ ముగించేసింది. ఏజెంట్లు సానీ దగ్గరికెళ్లి అసలు సంగతి చెప్పారు. అతను పారిపోలేదు, పోలీసు రక్షణా అడగలేదు. ఆగస్టు 17న ముఠా పిలిచిన సమావేశానికి బయల్దేరుతూ ఒంటిమీది నగలు, ఇంటి తాళాలు బార్‌లో ఇచ్చి వెళ్లాడు. ఏడాది తర్వాత స్టేటెన్ ఐలాండ్‌లో శవం దొరికింది. చేతులు నరికేశారు. మిర్రాను 1982 ఫిబ్రవరిలో కాల్చేశారు.

సానీ మంచివాడేం కాదు; హంతకుడు. పిస్టోన్ చేసింది డ్యూటీ, అతని సాక్ష్యంతో వందమందికి పైగా శిక్షలు పడ్డాయి. అయినా ఆ తాళాల సంగతి చదివినప్పుడల్లా నాకు కాసేపు ఏమీ తోచదు. ఇన్‌ఫార్మర్లను పోషించినవాణ్ణి, నమ్మకమే నిచ్చెన అని తెలిసినవాణ్ణి.

మాఫియా పిస్టోన్ తలకు 5 లక్షల డాలర్ల వెల కట్టింది. ఎఫ్‌బీఐ ఇచ్చిన బోనస్ 500.

పూచీ పడ్డవాళ్లలో మిగిలిన లెఫ్టీ ఎలా బతికాడంటే, అతన్నీ చంపబోతున్నారని తెలిసి ఎఫ్‌బీఐ ముందే అరెస్టు చేసింది. డానీ తమకు ఎదురు తిరగడని అతను తన లాయరుతో అన్నాడని పిస్టోనే తర్వాత రాసుకున్నాడు. 1982లో పిస్టోన్ సొంత పేరుతో బోనెక్కి సాక్ష్యం చెప్పాడు. లెఫ్టీకి 15 ఏళ్లు పడింది.