ఎన్ని బిల్లులు పోతే తట్టుకోగలరు?

ప్రొద్దుటూరులో టోకు బట్టల కంపెనీ ఒకటి ఉందనుకుందాం. గోడౌన్ పెండ్లిమర్రిలో. పొద్దున 10 నుంచి రాత్రి 8 దాకా గంటకు 60 చొప్పున రోజుకు 600 బిల్లులు. స్కాన్ చేసిన కాగితాలతో కలిపి డేటాబేస్ 200 జీబీ. రాత్రి 11కు బ్యాకప్ తీస్తారు. సాయంత్రం 7కు సర్వర్ డిస్క్ పోయిందంటే ఆనాటి బిల్లులు 540 గల్లంతే. లావాదేవీల లాగ్‌ను 15 నిమిషాలకోసారి మరో యంత్రానికి పంపుతుంటే పోయేవి మహా అయితే 15. వాటిని చేత్తో మళ్లీ ఎక్కించుకోవచ్చు.

బ్యాకప్ ఎంపికకు ముందు యజమాని చెప్పాల్సిన అంకెలు రెండే: ఎన్ని బిల్లులు పోతే తట్టుకోగలడు, ఎన్ని గంటలు అంగడి మూసుకోగలడు. కానీ బేరమంతా స్టోరేజీ దగ్గరే మొదలవుతుంది. ఆ లెక్క తేలిక. రోజూ పూర్తి కాపీ తీసి 30 రోజులు దాస్తే 6,000 జీబీ. వారానికోసారి పూర్తి కాపీ, మిగతా రోజుల్లో మారినంత మటుకే, అంటే రోజుకు 4 జీబీ అనుకుంటే, 1,100 జీబీ చాలు. చవకే. అయితే ఆదివారం పూర్తి కాపీ తీశాక శనివారం సర్వర్ పడితే, ఆ కాపీకి అయిదు రోజుల ముక్కలు వరుసగా అతకాలి. నడుమ ఒకటి చెడినా దాని తర్వాతవన్నీ వృథా.

ఇక మూసుకునే గంటలు. సెకనుకు 100 మెగాబిట్ల లైన్ మీద క్లౌడ్ నుంచి 200 జీబీ దించుకోవడానికి దాదాపు నాలుగున్నర గంటలు. 20 మెగాబిట్లయితే 22 గంటలు. పక్కనున్న డిస్క్ నుంచి సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున అయితే 33 నిమిషాలు. అందుకే ఒక కాపీ అంగడిలోనే ఉండాలి. అదొక్కటే ఉంటే మాత్రం ముప్పు. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో రెవెన్యూ ఫైళ్లు కాలిపోయాయి. మంటకు కాగితమూ డిస్కూ ఒకటే. 2019లో కడప జిల్లాకు కరెంటిచ్చే ఎస్‌పీడీసీఎల్‌తో సహా తెలుగు రాష్ట్రాల విద్యుత్ సంస్థల వెబ్‌సైట్లపై ర్యాన్సమ్‌వేర్, అంటే డేటాకు తాళం వేసి డబ్బడిగే వైరస్, పడింది. అలాంటిది సర్వర్‌కు తగిలించి ఉన్న బ్యాకప్ డిస్క్‌నూ వదలదు. కాబట్టి ఇంకో కాపీ వైరు పీకి పెండ్లిమర్రి గోడౌన్‌లో. కంపెనీల చట్టం కింద నమోదైతే, 2022 ఆగస్టు సవరణ ప్రకారం ఎలక్ట్రానిక్ ఖాతాల బ్యాకప్ రోజూ భారత్‌లోని సర్వర్‌లోనే ఉండాలి కూడా.

ఇంత చేసినా చాలదనడానికి, ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్ కథ ఒకటుంది. 2017 జనవరి 31న అక్కడి ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్‌లోనే డేటా డైరెక్టరీ చెరిపేశారు. దాదాపు 300 జీబీ! బ్యాకప్ పద్ధతులు అయిదు పెట్టుకున్నారు. అవసరానికి ఒక్కటీ సరిగా అందలేదు. రోజువారీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ కుదరక ఎప్పటి నుంచో విఫలమవుతోంది. ఆ సంగతి చెప్పే ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. ఏదో పరీక్ష కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన కాపీయే కాపాడింది. అదీ నెమ్మది డిస్కుల మీద ఉండటంతో సైట్ మళ్లీ నిలబడేసరికి 18 గంటలు దాటింది.

మన బట్టల కంపెనీ అయితే నెలకోసారి ఓ ఖాళీ కంప్యూటర్‌లో బ్యాకప్ తెరిచి, ఏదో ఒక తేదీ బిల్లుల సంఖ్యనూ మొత్తం రూపాయలనూ అసలుతో సరిచూసుకోవాలి. పని మొదలైన వేళ, ముగిసిన వేళ గోడ మీద రాసి పెట్టుకుంటే అంగడి ఎన్ని గంటలు మూతపడుతుందో అంచనాతో పని లేకుండా తెలుస్తుంది.