అమెరికా డోర్‌బెల్‌ని మన ఇంటి వైర్లకు తగిలించొచ్చా?

మొన్న వేసవిలో మా పెద్దనాయన కొడుకు డల్లాస్ నుంచి కర్నూలుకు వస్తూ ఒక వీడియో డోర్‌బెల్ తెచ్చాడు. "పాత బెల్ స్విచ్ పీకేసి, ఆ వైర్లకే దీన్ని తగిలించు రా, అయిపోతాది" అన్నాడు. నేను స్క్రూడ్రైవర్ కూడా తీశా. ఎందుకో వెనకవైపు రాసింది చదివా: 8-24 వోల్ట్స్ ఏసీ. మన గోడలో ఉన్నది 230. తగిలించి ఉంటే డోర్‌బెల్ అక్కడే మాడిపోయేది. నా వేళ్ల సంగతి చెప్పక్కర్లేదు.

అమెరికా ఇళ్లలో బెల్ కోసం విడిగా ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. అది 120 వోల్ట్‌లను 16-24కి తగ్గించి స్విచ్ దాకా పంపుతుంది. మన దగ్గర చాలా ఇళ్లలో ఆ ట్రాన్స్‌ఫార్మరే లేదు. గుమ్మం పక్కనున్న స్విచ్‌కి నేరుగా ఇంటి కరెంటే వస్తుంది. (వానకు తడిసిన బెల్ స్విచ్ నొక్కితే ఒక్కోసారి చెయ్యి జివ్వుమనేది ఇందుకే.)

మన పాత డింగ్‌డాంగ్ బెల్‌కి ఆ 230 చాలు. లోపల ఒక తీగచుట్ట, అందులో ఇనుప కడ్డీ, అటూ ఇటూ రెండు లోహపు పట్టీలు. నొక్కితే తీగచుట్ట అయస్కాంతమై కడ్డీని లాగుతుంది, డింగ్. వదిలితే స్ప్రింగ్ వెనక్కి తోస్తుంది, డాంగ్. జోసెఫ్ హెన్రీ 1831లో విద్యుదయస్కాంతంతో గంట మోగించినప్పటి సూత్రమే ఇది. యాప్ లేదు, అప్‌డేట్ లేదు. మా అవ్వ మంచం దిగకుండానే "ఎవురూ?" అంటుంది, అదే ఆమె వీడియో కాల్!

అయితే వీడియో బెల్ దండగ కాదు. మధ్యాహ్నం రెండింటికి కొరియర్ వస్తే, బెంగళూరు ఆఫీసులో కూర్చుని "అవ్వ పండుకుంది, అరుగు మీద పెట్టి పో అన్నా" అని చెప్తున్నా.

మీకూ అలాంటిది వస్తే, అందులో బ్యాటరీ ఉంటే వైర్ల జోలికే వెళ్లకండి. బ్యాటరీ లేకపోతే, దాని మీద రాసిన వోల్టేజీకి సరిపోయే ట్రాన్స్‌ఫార్మర్‌ని ఎలక్ట్రీషియన్ చేత పెట్టించండి. ప్లగ్ పిన్ను మార్చే అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు.

ఇంకోటి, మన ఎండ. కర్నూలు, కడపల్లో మే నెలలో నీడలోనే 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. లిథియం బ్యాటరీని 45 దాటిన వేడిలో ఛార్జ్ చేయకూడదు. పడమటి గోడకు అస్సలు బిగించొద్దు. పాత రాతి గోడల ఇల్లయితే వైఫై సిగ్నల్ గుమ్మం దాకా వస్తుందో లేదో ముందు ఫోన్‌తో చూడండి. కరెంటు పోతే రౌటర్ కూడా పోతుంది కాబట్టి దానికో చిన్న యూపీఎస్ కావాలి.

మా ఇంట్లో పాత బెల్ తీయలేదు. కొత్తది దాని పక్కనే, బ్యాటరీ మీద నడుస్తోంది. వచ్చినోళ్లు రెండూ నొక్కుతున్నారు.