గౌతమీ తీరమున ఫ్రెంచి ఏలుబడి: యానాము

నల్లగొండ జిల్లా మర్రిగూడలో దేశపటము ముందు నిలిచిన విద్యార్థికి ఒక వింత కన్పట్టును. చుట్టును ఆంధ్రదేశమే యుండగా, నడుమ నున్న యానాము మాత్రము తమిళదేశపు తీరమున నున్న పుదుచ్చేరి పాలనకు లోబడినది. ఈ వింతకు కారణము చరిత్రయే.

గోదావరి శాఖయగు గౌతమి ఒడ్డున ఫ్రెంచివారు 1723లో వర్తకస్థావరమును నెలకొల్పిరి. లాభము కానరాక 1727లో విడిచిపోయి, కొంతకాలమునకు మరల వచ్చిరి. పిమ్మట ఆంగ్లేయులతో జరిగిన యుద్ధములలో ఈ యూరు పలుమారులు చేతులు మారి, తుదకు ఫ్రెంచివారికే దక్కెను.

సరిహద్దు పటములోని గీత మాత్రమే కాదు. శైశవ వివాహములను అరికట్టుటకై బ్రిటిషు ఇండియాలో 1929లో శారదా చట్టము వెలసెను. ఫ్రెంచి గడ్డపై నది చెల్లలేదు. పరిసర గ్రామముల వారు పసిబిడ్డలను యానామునకు తోడ్కొనిపోయి పెండ్లిండ్లు జరిపించిరి. బాలికలకు రక్షణ కావలసిన చట్టము ఊరి పొలిమేరలోనే ఆగిపోయెను.

నిజాము రాజ్యములోని నల్లగొండ 1948లో భారతదేశమున కలసెను. యానాము మరి ఆరేండ్లు వేచియుండెను. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున విమోచనము జరిగెను. ఆ సంవత్సరమే నవంబరు 1న పాలన భారత ప్రభుత్వమునకు వచ్చెను. 1962 ఆగస్టు 16న విలీనము చట్టరీత్యా పూర్తియయ్యెను.

2001లో సుమారు 31 వేలుగా నున్న జనసంఖ్య 2011 నాటికి 55,626కు పెరిగెను. వారిలో అత్యధికులు తెలుగువారే. రెండు శతాబ్దులకు పైగా కచేరీలలో ఫ్రెంచి నడచినను, ఇండ్లలోను వీథులలోను తెలుగు చెక్కుచెదరక నిలిచెను.