సంగటి పెట్టు పూటకూళ్ళ యిండ్లు

అనంతపురసీమలో ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానయే కురియును. వరి యరుదైన యీ మెట్టనేలలో రాగి, కొఱ్ఱ, జొన్నలే పెద్దల నాదుకొన్నవి. ఇచటి పూటకూళ్ళ యిండ్ల వంటయు నా పంటలనే నమ్ముకొన్నది. ఉదయమున నానిన బొరుగులను తాలింపులో కలిపి, పుట్నాలపొడి చల్లి, మిరపకాయబజ్జీతో ఉగ్గాని పెట్టుదురు. మధ్యాహ్నమున రాగిసంగటి, సెనక్కాయల పచ్చడి, పుల్లగూర.

ఇప్పుడు పట్టణమున బిరియానీ, నూడిల్సు అమ్ము భోజనశాలలు పెరిగినవి. సంగటియు నందు ప్రవేశించినది. కాని నేతితో, కోడికూరతో వెల హెచ్చి, కూలిజనుల కందకున్నది.

నూఱు గ్రాముల రాగులలో ఎముకలకు బలమిచ్చు కాల్షియము 300 మిల్లీగ్రాములకు పైగా నుండును. తెల్లబియ్యమున నందు పదియవవంతైన నుండదు. 2023వ సంవత్సరమును ఐక్యరాజ్యసమితి చిరుధాన్యవత్సరముగా జరిపినది.

మంచి యింటిని గుర్తించుటకు బోర్డు చూడవలదు. వాకిట నిలిచిన కూలీలను చూడుడు. తడిచేతితో తాకిన సంగటి అంటుకొనకున్నచో బాగుగా నుడికినదని యెఱుగుడు.

మేము చూచినంతలో అట్టి పొయ్యిల యొద్ద తఱచుగా స్త్రీలే యున్నారు. నెల కొక్కపూటయైన పిల్లలతో పోయి, బేరమాడక తిన్నచో, ఆ పొయ్యి యాఱదు. మెట్టచేని రాగికిని గిరాకి తప్పదు.