అత్తయ్యగారి ఇల్లు... అత్తయ్యగారికి అనువుగా!

మీ ఇంట్లో ఎన్ని గడపలున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? శుక్రవారం పసుపు రాసేటప్పుడు వీధి గుమ్మం గడప ఒక్కటే గుర్తొస్తుంది మనకి. మిగిలినవి కాళ్ళకి అలవాటైపోయి కళ్ళకి కనిపించవు. వాకరు పట్టుకుని నడిచే మనిషి ఇంట్లో ఉంటే మాత్రం ఒక్కొక్కటీ లెక్కలోకొస్తుంది. తణుకు దగ్గర పల్లెలో మా అత్తయ్యగారి ఇంట్లో మంచం దగ్గర్నించి పెరట్లో బాత్రూముకి వెళ్ళాలంటే నాలుగు గడపలు దాటాలి. ఒక్కొక్కటీ మూడు నాలుగు అంగుళాల ఎత్తు. రాత్రి రెండుసార్లు లేచే మనిషికి రానూ పోనూ పదహారు దాట్లు!

2022 వానాకాలంలో ఆవిడ పడిపోయింది ఆ నాలుగో గడప దగ్గరే. తుంటి ఎముక విరిగింది. అప్పటికి ఆవిడకి 76 ఏళ్ళు. ఆపరేషన్ అయ్యాక మూడు నెలలు హైదరాబాద్‌లో మా ఫ్లాట్‌లోనే ఉన్నారు. లిఫ్టు ఉంది, మెట్ల బాధ లేదు, బాత్రూం గదిలోనే ఉంది. ఇంకేం కావాలి అనుకుంటాం కదా! ఆవిడ ఒక్క మాట సణగలేదు. కానీ తినే అన్నం రోజురోజుకీ తగ్గింది. సాయంత్రం కాగానే ఊళ్ళో పక్కింటావిడకి ఫోన్ చేసి "తులసమ్మకి నీళ్ళు పోశావా తల్లీ?" అని అడగడం, ఫోన్ పెట్టేసి బాల్కనీలో కూర్చోవడం. అంతే.

మా మరిది ఊళ్ళో ఇల్లు అమ్మేసి ఆ డబ్బు అమ్మ పేరున బ్యాంకులో వేద్దామన్నాడు. చెడ్డ ఉద్దేశంతో అన్నమాట కాదది, భయంతో అన్నది. మావారు ఎటూ చెప్పలేక ఊరుకున్నారు. అప్పుడు ఆవిడే అన్నారు: "ఇల్లు నన్ను పడేసిందని ఇంటినే అమ్మేస్తారట్రా? ఆ గడపని సరిచెయ్యండి." నాకు మాత్రం ఆ మాటలో అన్యాయమేమీ కనిపించలేదు.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళు 10 కోట్ల 38 లక్షలు. అందులో మగవాళ్ళకంటే ఆడవాళ్ళే ఎక్కువ. వీళ్ళలో ఎందరి ఇళ్ళు వీళ్ళ మోకాళ్ళని దృష్టిలో పెట్టుకుని కట్టినవి? ఇల్లు కట్టేనాటికి ఇంటావిడకి ముప్ఫై ఏళ్ళుంటాయి. బిందె చంకనెత్తుకుని అరుగులెక్కిన రోజులవి. మనిషి మారుతుంది, ఇల్లు మారదు. చిక్కంతా అక్కడే.

ఊరెళ్ళి మేస్త్రీని పిలిచే ముందు ఫిజియోథెరపిస్టు ఒక సలహా ఇచ్చింది. "ఏం కట్టాలో ఆలోచించకండి. ముందు ఒక రోజంతా ఆవిడ వెనకాలే తిరగండి. చెయ్యి ఎక్కడ ఆనుతోందో చూడండి" అని. తెల్లవారి అయిదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా నోటుపుస్తకం పట్టుకుని తిరిగాను. నిజానికి అంత తిరగక్కర్లేకపోయింది... గోడలే చెప్పేశాయి! తలుపుల పక్కన, వంటింటి మలుపులో, దేవుడి అలమర దగ్గర, సున్నం మీద చేతి మరకలు. ఎన్నో ఏళ్ళుగా ఆవిడ చెయ్యి ఆ చోట్లే వెతుక్కుంటోంది. సున్నం వేసిన ప్రతిసారీ మేము వాటిని చెరిపేస్తూ వచ్చాం. ఎక్కడ పట్టుకమ్మీ పెట్టాలో ఏ ఇంజినీరూ అంతకంటే బాగా చెప్పలేడు.

పట్టుకమ్మీ అంటే టవల్ రాడ్ కాదండోయ్! బాత్రూముల్లో టవల్ రాడ్ పట్టుకుని లేవబోయి దాంతో సహా పడ్డవాళ్ళున్నారు. అది తడిబట్ట మోయడానికి చేసింది, మనిషిని మోయడానికి కాదు. దీనికి పిడికిట్లో ఇమిడే లావు స్టీలు గొట్టం కావాలి. ఒకటిన్నర అంగుళం మించితే పట్టు చిక్కదు. గోడకీ దానికీ మధ్య వేళ్ళు పట్టేంత సందు ఉండాలి. టైలుకి కాదు, లోపలి ఇటుక దాకా దిగేలా బోల్టులు కొట్టించాలి. బిగించాక మేస్త్రీనే దానికి వేలాడి చూపించమన్నాను. నవ్వుకున్నాడుగానీ వేలాడాడు. ఎంత ఎత్తున పెట్టాలన్నదానికి పుస్తకాల్లో లెక్కలున్నాయి. కానీ మా అత్తయ్యగారు నాలుగడుగుల పది అంగుళాల మనిషి. అందుకే ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి, లేవమని, చెయ్యి ఎక్కడికి పోతే అక్కడ సుద్దముక్కతో గీత గీశాం.

హాల్లో స్టీలు కమ్మీలు వద్దన్నారావిడ. "ఇల్లా? ఆసుపత్రా?" అన్నారు. నిజమే, పదిమందీ వచ్చే చోటు. వడ్రంగి చేత టేకు కర్రతో గుండ్రంగా పట్టె చేయించి గోడ పొడుగునా బిగించాం. చూసినవాళ్ళు అలంకారం అనుకుంటున్నారు.

ఇక అసలు పని బాత్రూం. పెరట్లోది వదిలేసి, పడకగదిని ఆనుకుని ఉన్న కొట్టుగదిని బాత్రూం చేద్దామన్నాను. వెంటనే వాస్తు వచ్చింది! ఇద్దరు బంధువులు ఫోన్లు చేశారు. అదృష్టం బాగుండి కొట్టుగది వాయవ్యంలో ఉంది కాబట్టి బతికిపోయాం. ఈశాన్యంలో ఉండుంటే ఈ వ్యాసం ఇంకోలా ఉండేది.

గడప లేకుండా బాత్రూం కడితే నీళ్ళు గదిలోకొస్తాయన్నాడు మేస్త్రీ. ఆ భయం అందరికీ ఉండేదే. గడప కాదు నీళ్ళనాపాల్సింది, వాలు. తలుపుకి దూరంగా ఉన్న మూలకి నేల వాలు పెట్టి, జాలీ అక్కడ వేయించాం. తలుపు దగ్గర అర అంగుళం ఎత్తున గుండ్రటి దిమ్మె మాత్రం ఉంది. వాకరు దాని మీంచి జారిపోతుంది. టైల్సు నున్నవి కాకుండా గరుకువి. కొనేముందు షాపులో టైలు మీద నీళ్ళు పోయించి, చెప్పు విప్పి తడికాలితో రుద్ది చూశాను. షాపతను వింతగా చూశాడు. చూడనీండి!

తలుపు బయటికి తెరుచుకుంటుంది. లోపల పడిపోయిన మనిషి తలుపుకి అడ్డంగా ఉంటే, లోపలికి తెరుచుకునే తలుపుని ఎవరు తోయగలరు? గడియ కూడా బయట్నుంచి నాణెంతో తిప్పితే వచ్చేది. ఇంకో సంగతి: వైర్లులేని కాలింగ్ బెల్ ఒకటి బిగించాం. గంట పక్కింటి వంటగదిలో మోగుతుంది. బొత్తాం ఎక్కడ పెట్టామంటారు? నేల నుంచి ఒక అడుగు ఎత్తులో. నిలబడ్డ మనిషికి గంటతో పనేముంది?

తుంటి ఆపరేషన్ తర్వాత కింద కూర్చోవద్దనీ, గొంతుక్కూర్చోవద్దనీ డాక్టరు గట్టిగా చెప్పారు. అందుకని కమోడు తప్పలేదు. మామూలుకంటే కాస్త ఎత్తుది, పద్ధెనిమిది అంగుళాలది పెట్టించాం. స్నానానికి రబ్బరు కాళ్ళ స్టూలు. బకెట్టు నేల మీద ఉంటే ప్రతి చెంబుకీ వంగాలి కదా, అందుకని దానికి అడుగున్నర ఎత్తు సిమెంటు గట్టు. ఆవిడకి అన్నిటికంటే నచ్చింది ఈ గట్టే.

వీధి వైపు అయిదు మెట్లు. గోదావరి జిల్లాల్లో వరద భయానికి ఇళ్ళు ఎత్తుగానే కడతారు. మెట్ల మీద పది అడుగుల ర్యాంపు పోసేస్తానన్నాడు మేస్త్రీ. అది స్కూటరెక్కించే ర్యాంపు, మనిషెక్కేది కాదు! కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన ప్రమాణాలు, ప్రధానంగా పబ్లిక్ భవనాల కోసం రాసినవే అయినా, ఇంటికీ పనికొస్తాయి. వాటి ప్రకారం ప్రతి అంగుళం ఎత్తుకీ కనీసం పన్నెండు అంగుళాల పొడవు ఉండాలి. మా అరుగు ఎత్తు 30 అంగుళాలు. అంటే ర్యాంపు 30 అడుగులు! మా వాకిలే పన్నెండు అడుగులు.

పైగా మోకాళ్ళు అరిగినవాళ్ళకి వాలు దిగడం మెట్లు దిగడం కంటే కష్టమవుతుందట. అందుకని ర్యాంపు మానేసి ఆరంగుళాల మెట్లు అయిదింటిని కొట్టించి, నాలుగంగుళాలకి కాస్త తక్కువవి ఎనిమిది కట్టించాం. వాకరు నాలుగు కాళ్ళూ నిలిచేంత వెడల్పు, రెండు వైపులా కమ్మీ. మెట్టు అంచున పసుపుపచ్చ రంగు గీత. మసకచూపుకి మెట్టెక్కడ ముగుస్తుందో తెలియాలంటే రంగు తేడా ఉండాలి. ఆ గీత చూసి అత్తయ్యగారు "గడపకి పసుపు ఎందుకు రాస్తామనుకున్నావే అమ్మాయ్?" అన్నారు. అందుకే రాస్తారో లేదో నాకు తెలీదుగానీ, మసక చీకట్లో పసుపు గడప కనిపించే మాట నిజం.

వీధి గుమ్మం గడప జోలికి మాత్రం పోలేదు. లోపలి గడపలన్నీ తీయించడానికి ఒప్పుకున్నావిడ, దాన్ని ముట్టుకోనివ్వలేదు. మేమూ బలవంతపెట్టలేదు. దానికి రెండు వైపులా గడప ఎత్తుకి సమంగా చెక్క వాలుపలకలు చేయించాం. పండగకి పలకలు తీసి పక్కన పెడితే, గడపకి పసుపు, కుంకుమ, ముగ్గు మామూలే.

వెనక తులసికోట దాకా పాచి పట్టిన బండలు తీయించి, గరుకు సిమెంటు బాట, పక్కనే కమ్మీ. మంచం పక్కన చేతికందే స్విచ్చి నొక్కితే బాత్రూం దాకా దీపాలు వెలుగుతాయి. మొత్తానికి లక్షా 60 వేలయింది. సగానికి పైగా బాత్రూముకే. అందరికీ అంత పెట్టే స్తోమత ఉండదు. ఒక కమ్మీ, మంచం దగ్గర స్విచ్చి, రబ్బరు కాళ్ళ స్టూలు... ఈ మూడింటితో మొదలుపెట్టినా రాత్రి భయం చాలావరకు తగ్గుతుంది. దారిద్ర్యరేఖకి దిగువనున్న పెద్దవాళ్ళకి చేతికర్ర, వాకరు, చక్రాల కుర్చీ లాంటివి ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017లో మొదలైంది. ఇలాంటి వివరాలకి పెద్దల సహాయ నంబరు 14567కి ఫోన్ చేసి అడగొచ్చు.

వంటింట్లో మాత్రం యుద్ధం సాగుతూనే ఉంది. కత్తిపీట ముందు కింద కూర్చోకూడదు కాబట్టి బల్ల, చాకు కొనిచ్చాం. చాకుతో తరిగిన వంకాయకి రుచి ఉండదట! పక్కింటావిడ వచ్చి కత్తిపీట మీద తరిగిపెడితే, ఎత్తు కుర్చీలో కూర్చుని పొయ్యి దగ్గర పని ఆవిడ చేసుకుంటున్నారు. ఆ పిల్లే రాత్రిళ్ళు తోడు కూడా పడుకుంటోంది.

ఇంకా మిగిలింది పడకగది తలుపు. మామగారి నాన్నగారు చేయించిన టేకు ద్వారబంధం, వెడల్పు 28 అంగుళాలు. వాకరు పడుతుంది, చక్రాల కుర్చీ వస్తే గోడకి వేళ్ళు నలుగుతాయి. అది విప్పి 36 అంగుళాలు చేయించాలి. "చక్రాల కుర్చీ ఎవరికిట?" అని అత్తయ్యగారు మొహం తిప్పుకున్నారు. పాత కర్ర పారేయకుండా దాంతోనే తులసికోట దగ్గర కూర్చోడానికి బల్ల చేయిస్తానన్నాక కాస్త మెత్తబడ్డారు. వడ్రంగిని వచ్చే బుధవారం రమ్మన్నాం.